పర్లాకిమిడిలో డాబా మీద సోలార్: తుఫాను గాలికి ఆగుద్దా?

ప్రశ్న (పర్లాకిమిడి):
నమస్తే అందరికీ. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని నాన్న అంటున్నారు. వెండర్ వచ్చి బిల్లు దాదాపు సున్నా అయిపోద్ది, కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయి అన్నాడు. అమ్మకి మాత్రం ఒకటే భయం, 2018లో తిత్లీ తుఫానుకి మా వీధిలో రేకులు ఎగిరిపోవడం కళ్లారా చూసింది, మళ్లీ అలాంటి గాలొస్తే ఏటి గతి అంటోంది. ఇంకోటి, మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. సబ్సిడీకి ఇబ్బందా?

జవాబు (బరంపురం):
ముందు ఆ ఫ్యాన్ల మాట తేల్చుకో తమ్ముడూ. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ అయితే లైను పోగానే సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోద్ది, ఎండ మండిపోతున్నా సరే. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కి మన డాబా మీంచి వెళ్లిన కరెంటు కొట్టకూడదని అలా పెట్టారు. తుఫానప్పుడు కూడా పనికిరావాలంటే లైను లేకున్నా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీలూ కావాలి, ఖర్చు బాగా పెరుగుద్ది. మేమైతే ఇంట్లో ఉన్న పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ని విడిగా అలాగే ఉంచేశాం, సరిపోతోంది. కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి, వానాకాలం తగ్గుద్ది.

జవాబు (గుణుపురం):
నేను ఈ పనే చేస్తాను. అమ్మగారి భయం నిజమే, తిత్లీ గాలి గంటకి 140-150 కిలోమీటర్లు. ప్యానెల్ బరువుతో ఇబ్బంది లేదు, గాలి కిందనుంచి దూరి పైకి లేపుద్ది, అదీ ప్రమాదం. కింద బట్టలు ఆరేసుకోవచ్చని చాలామంది స్టాండ్ ఎత్తుగా వేయించుకుంటారు, మన వైపు అది వద్దే వద్దు. దక్షిణం వైపు తిప్పి, 10-12 డిగ్రీల వాలు పెట్టినా కరెంటు పెద్దగా తగ్గదు, గాలి పట్టు మాత్రం బాగా తగ్గుద్ది. కాళ్లు స్లాబుకి బోల్టులేసి చుట్టూ కాంక్రీటు దిమ్మ కట్టించండి, బోల్టు దగ్గర నీళ్లు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. స్టాండ్ హాట్‌డిప్ జీఐ, అంటే కరిగించిన జింకులో ముంచి పూత వేసిన ఇనుము అయ్యుండాలి, రంగేసిన ఇనుము తుప్పు పట్టేస్తుంది. ప్యానెల్‌ని పట్టుకునే క్లాంపులు చిన్నవే గానీ ప్యానెల్ ఊడేది అక్కడే, దగ్గరుండి ఒక్కోటీ బిగింపు చూసుకోండి, మళ్లీ ఏటా సెప్టెంబరులో బిగించుకోండి, మనకి పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబరులోనే కదా.

జవాబు (రాయగడ):
ముందు మీటరు నాన్నగారి పేరు మీదకి మార్పించి అప్పుడు డాబా సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో అప్లై చేయండి. 3 కిలోవాట్లకి కేంద్రం 78,000, ఒడిశా ప్రభుత్వం 60,000 ఇస్తున్నాయి. ఆంధ్రా వైపు పాతపట్నంలో చుట్టాలుంటే వాళ్ల లెక్క వినకండి, రాష్ట్రం వాటా ఒడిశా కనెక్షన్‌కే. సబ్సిడీ ముందే రాదు, మనం లైనుకి ఇచ్చిన, వాడుకున్న కరెంటు రెండూ లెక్కేసే నెట్‌మీటర్ పెట్టాక ఖాతాలో పడుద్ది, అందాకా డబ్బు మనమే సర్దుకోవాలి. ప్యానెళ్లు డీసీఆర్‌వేనని, అంటే సెల్స్‌తో సహా మన దేశంలో తయారైనవేనని బిల్లులో రాయించుకోండి, అవి కాకపోతే సబ్సిడీ రాదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, పేరు మార్పు పని ముందు మొదలుపెడతాం. సాయంత్రం నాలుగు దాటాక పక్కింటి కొబ్బరిచెట్టు నీడ పడుద్ది, పర్లేదా?

గుణుపురం:
ఆ టైముకి నీడతో పెద్ద నష్టం లేదు, 9 నుంచి 3 దాకా పడకుండా ఉంటే చాలు. కానీ గాలికి మట్టలూ కాయలూ ప్యానెల్ మీద పడతాయి, ఆ వైపు ఖాళీ వదిలి రెండో పక్కకి జరిపి పెట్టించండి.