బీటీ పిచికారీ చేసినా పురుగు వెంటనే చావదెందుకు?

ప్రశ్న: గుంటూరు దగ్గర మా మిరప చేలో శనగపచ్చ పురుగుకు నిన్న సాయంత్రం బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో చేసిన పురుగుమందు) పొడి కలిపి కొట్టాము. ఈ ఉదయం చూస్తే పురుగులు బతికే ఉన్నాయి, కానీ కాయకున్న రంధ్రంలో తల పెట్టి కదలకుండా ఉన్నాయి, కొత్త రెట్ట కూడా కనబడలేదు. మందు పనిచేయనట్టేనా?

జవాబు 1: పనిచేస్తున్నదండీ. ఈ బాక్టీరియా తయారుచేసే స్ఫటికంలోని ప్రోటీను విషంగా మారాలంటే ముందు కరగాలి; గొంగళిపురుగుల మధ్య జీర్ణనాళంలో పీహెచ్ తరచుగా 9 దాటే క్షార ద్రవం ఉండడం వల్ల అది అక్కడ కరిగి, పురుగు సొంత ఎంజైములే కత్తిరించగా, పేగు గోడ కణాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. మేత కొన్ని గంటల్లోనే ఆగిపోతుంది, చావుకు మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. మూడో రోజు తాకి చూడండి, నల్లబడి, మెత్తబడి నీరు కారుతుంది. మనకు మాత్రం ఇలా జరగదు: మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా ఆ ప్రోటీను అతుక్కునే గ్రాహకాలు మన పేగులో లేవు.

జవాబు 2: ఒక చేర్పు. పేగు చిల్లుపడ్డాక చంపేది బీటీయా, పేగులోని ఇతర బాక్టీరియానా అన్నది ఇంకా తేలని వాదన. జిప్సీ చిమ్మట పురుగులలో పేగు బాక్టీరియాను యాంటీబయాటిక్‌తో తొలగిస్తే బీటీ చంపలేకపోయిందని 2006లో ఒక పరిశోధన చూపింది. ఇతర పురుగులపై తరువాత చేసిన పరీక్షలు కొన్ని దానితో ఏకీభవించలేదు. నా మటుకు, పురుగు జాతిని బట్టి మారుతుందనుకుంటాను.

జవాబు 3: తామర పురుగుకు ఇదే కొట్టి డబ్బు పోగొట్టుకోకండి, అది రసం పీల్చేది, ఆకు మీది పొడిని నమిలి మింగదు.