అప్‌డేట్: అరకు కాదు, మదనపల్లె

హైదరాబాద్ వదిలి కొండలు, కలుపుగోలు మనుషులు ఉన్న చోటికి వెళ్దామనుకుంటున్నాం, అరకా మదనపల్లెనా అని అడిగాను కదా. మదనపల్లెకే వచ్చేశాం. అరకు మీద మనసు పోలేదు కానీ అది ఏజెన్సీ, అంటే గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు, న్యాయమే. బినామీ పేరుతో ఇప్పిస్తానన్న బ్రోకర్‌కి ఓ దండం పెట్టేశాం.

ఇక్కడ అద్దె ఇల్లే. ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తు, దగ్గర్లోని కొండలు హార్స్‌లీ హిల్స్ అయితే 1,265. ఏసీ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. టమాటా సీజన్‌లో మార్కెట్ వైపు వెళ్తే క్రేట్ల లారీల మధ్య దారి దొరకదు. పక్కింటి అక్క మొదటి వారమే రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి (పల్లీల పచ్చడి) పంపింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంట!

నీళ్లే టెన్షన్. బోర్లు ఎండితే ట్యాంకరే దిక్కు. ఒక ఎండాకాలం గడిచాకే స్థలం కొనే సంగతి.