పశువైద్య విద్యలో చేరాక సంగీత సాధన మానేయాలా?

కొత్త విద్యార్థిని:
నాకు తిరుపతి పశువైద్య కళాశాలలో బి.వి.ఎస్సీ. సీటు వచ్చింది. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఐదున్నరేళ్ల చదువు పూర్తయ్యేవరకు దానిని పెట్టెలోనే ఉంచమని నాన్నగారు అంటున్నారు. టీటీడీ వారి సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరికి వెళ్తూ సంగీతం మానడమేమిటని అమ్మ అడుగుతోంది. ఈ చదువు చదివినవారి, చదువుతున్నవారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

మూడో సంవత్సరం, గన్నవరం:
కనీసం మొదటి ఏడాది మానేయమనే నేను చెబుతాను. ఎంబీబీఎస్ వారు మనిషి శరీరం ఒక్కటి చదివితే సరిపోతుంది. మనం అనాటమీలో (శరీర నిర్మాణ శాస్త్రంలో) ఎద్దును ప్రమాణంగా తీసుకుని, గొర్రె, గుర్రం, కుక్క, పంది, కోడి దాకా ఏ ఎముక దేనిదో విడిగా గుర్తుపట్టాలి. ఫారం పని ఉన్న రోజుల్లో పాలు పితికే వేళకే షెడ్డులో ఉండాలి. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, కచేరీకి వెళ్లామన్న కారణం అక్కడ చెల్లదు.

ఇంటర్న్, రాజేంద్రనగర్:
తమ్ముడి మాటలో నిజముంది కానీ, అతను కష్టాన్ని తప్పు ఏడాదిలో చూస్తున్నాడు. మొదటి ఏడాది బరువు ముందే తెలిసిన బరువు. దానికి టైంటేబుల్ ఉంటుంది, పరీక్షల తేదీలు ఉంటాయి, సాయంత్రం తర్వాత కొంత సమయమైనా మన చేతిలో ఉంటుంది. నాలుగున్నరేళ్ల తరువాత వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్‌లో అది కూడా ఉండదు. రాత్రి డ్యూటీలో ఉండగా గర్భసంచి మెలిపడిన గేదెను ట్రాలీ ఆటోలో తీసుకొస్తే, దానిని పడుకోబెట్టి, పొట్ట మీద పలక వేసి దొర్లించి, మెలి విడిపోయి దూడ బయటపడేవరకు ఎన్ని గంటలైనా కదలలేము. తెల్లవారితే మళ్లీ ఓపీ. మొదటి ఏడాది గడిచాక మొదలుపెడదామనుకున్న నా మిత్రులు, పాథాలజీ వచ్చిందని, ఆపైన క్లినిక్స్ మొదలయ్యాయని వాయిదా వేస్తూ వచ్చి, చివరికి ఆ ఊసే ఎత్తడం మానేశారు. అందువల్ల కచేరీలు మానుకోండి, గదిలో సాధన మాత్రం ఇప్పటి నుంచే కొనసాగించండి.

విశ్రాంత పశువైద్యుడు, ప్రకాశం జిల్లా:
అమ్మా, సాధన మానవద్దన్నంత వరకు ఇంటర్న్ బాబుతో ఏకీభవిస్తాను; గదిలో చేసుకుంటే చాలన్న మాట దగ్గర విభేదిస్తున్నాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు చేయగల పనిని ఈ వృత్తి ముందుగా మింగేస్తుంది. ఫలానా రోజు, ఫలానా వేళకు గురువుగారి ఎదుట కూర్చోవాలన్న కట్టుబాటు ఉంటేనే నిలుస్తుంది. ఒక్క డాక్టరే ఉండే పల్లె ఆసుపత్రిలో గాలికుంటు టీకాల రోజులు వస్తే, ఇంట్లో వాళ్ల ముఖాలు చూసేది వాళ్లు నిద్రపోయాకే. ఇంకొక సంగతి చెప్పక తప్పదు. అమెరికాలో 1979 నుంచి 2015 వరకు మరణించిన పశువైద్యుల వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సాధారణ జనాభాతో పోలిస్తే ఆత్మహత్యల నిష్పత్తి పురుష వైద్యుల్లో 2.1 రెట్లు, మహిళా వైద్యుల్లో 3.5 రెట్లు ఉంది. వయొలిన్ ఉంటే అన్నీ చక్కబడతాయని నేను అనడం లేదు. వృత్తికి బయట మనల్ని ఎరిగిన నలుగురు మనుషులు ఉండాలంటున్నాను, సంగీతం పాఠానికి వెళ్తే వారు దొరుకుతారు.

మూడో సంవత్సరం, గన్నవరం:
డాక్టర్ గారూ, మీ అనుభవాన్ని కాదనను. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే మాలాంటి వారు ఒక ఏడాది వెనకబడితే, ఆ ఖర్చు ఇంటి మీద పడుతుంది. అభిరుచి నిలబెట్టుకోమని చెప్పడం, తప్పినా మళ్లీ కట్టగల స్తోమత ఉన్నవారికి సులువు. నేను మొదటి ఏడాది షటిల్ రాకెట్ ముట్టుకోలేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాయి.

ఇంటర్న్, రాజేంద్రనగర్:
ఫీజు మాట న్యాయమైనదే. కానీ మా బ్యాచ్‌లో తప్పినవారిలో ఆటపాటల వాళ్లకంటే, రాత్రంతా ఫోన్ చూసి ఉదయం క్లాసులో నిద్రపోయిన వాళ్లే ఎక్కువ. ఎన్‌సీసీ రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగంలో గుర్రపు స్వారీ నేర్చుకున్నవారు తెల్లవారకముందే లేచేవారు, వారి హాజరుకు ఏ లోటూ రాలేదు.

కొత్త విద్యార్థిని:
అందరికీ కృతజ్ఞతలు. గన్నవరం అన్నయ్య చెప్పిన ఫీజు భయమే నాన్నగారిదీ అయి ఉంటుందని ఇప్పుడు తోస్తోంది. తరగతులు జరిగే నెలల్లో కచేరీలు ఒప్పుకోను, వారానికి ఒక పాఠానికి మాత్రం వెళ్తాను. మొదటి ఇంటర్నల్ పరీక్షలో మార్కులు తగ్గితే అది కూడా ఆపేస్తానని నాన్నగారికి మాట ఇద్దామనుకుంటున్నాను.

ఇంటర్న్, రాజేంద్రనగర్:
ఆ షరతు మాత్రం పెట్టుకోకండి. మొదటి ఇంటర్నల్‌లో దాదాపు అందరికీ మార్కులు తగ్గుతాయి, సరిగమలు రానివారికి కూడా. వార్షిక పరీక్షల ఫలితాలు వచ్చేవరకు గడువు అడగండి.