వారపు మోతాదు వాడినా గర్భిణికి విటమిన్ డి పెరగడం లేదు

అమలాపురం దగ్గర పల్లెలో ఉంటున్న మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. నాలుగో నెలలో చేయించిన రక్తపరీక్షలో విటమిన్ డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములే ఉండగా, డాక్టరు గారు వారానికొకసారి 60,000 యూనిట్ల కోలికాల్సిఫెరాల్ (విటమిన్ డి3) 8 వారాలు వాడమన్నారు. అది కొవ్వులో కరిగేది కాబట్టి మధ్యాహ్నం నెయ్యి వేసిన అన్నం తిన్న వెంటనే వేసుకుంది. ఒక్క వారమూ తప్పలేదు. అయినా అదే ల్యాబులో మళ్లీ చూపిస్తే 14 దగ్గరే ఆగింది. 20 కంటే తక్కువంటే లోపమే కదా.

చర్మంలో విటమిన్ డి తయారయ్యేలా చేసే యూవీబీ కిరణాలు ఉదయం ఏడు గంటల ఎండలో చాలా తక్కువని తెలిసి, కొబ్బరిచెట్ల నీడ పడని డాబా మీద పదకొండు గంటలకు చేతులకు, పాదాలకు ఎండ తగిలేలా కూర్చోబెట్టాం; కాసేపటికే కళ్లు తిరుగుతున్నాయంటే, కడుపుతో ఉన్న మనిషిని బలవంతపెట్టడం ఇష్టం లేక మానిపించాం. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు బాగానే వచ్చాయి, విటమిన్ డిని తగ్గించే మూర్ఛ మందులేవీ వాడటం లేదు. నడుము నొప్పి, తొడల్లో నీరసం మాత్రం తగ్గలేదు. మోతాదు మా అంతట మేము పెంచము. వచ్చే వారం డాక్టరు గారిని కలుస్తున్నాం.

గర్భంతో ఉండగా వారపు మోతాదుకు పెరగని స్థాయి, డాక్టరు సలహాతో రోజువారీ మోతాదుకు మారాక మీలో ఎవరికైనా పెరిగిందా, పెరిగితే ఎన్ని వారాలకు?