ఖాళీ అయిన ట్యాంకు మళ్లీ నిండుతుందంటున్న సాధన: హెచ్ = 0 దగ్గర ఏకైకత ఎలా చూపాలి?

అడుగున రంధ్రం ఉన్న నిలువు స్తూపాకార ట్యాంకు. వ్యాసం 1 మీటరు, మొదట్లో నీటి ఎత్తు (హెచ్) 1 మీటరు, రంధ్రం వ్యాసం 2 సెంటీమీటర్లు, ఉత్సర్గ గుణకం 0.6, జి = 9.8. రంధ్రం నుంచి నీరు బయటికొచ్చే వేగాన్ని చెప్పే టారిసెల్లి సూత్రం ప్రకారం డిహెచ్/డిటి = −కె√హెచ్ (టి అంటే సెకన్లలో కాలం). రంధ్రం, ట్యాంకు వైశాల్యాల నిష్పత్తి 0.0004 కాబట్టి కె = 0.6 × 0.0004 × √(2జి) = 0.0010625.

√హెచ్‌తో భాగించి, చలరాశులను వేరుచేసి సమాకలనం చేస్తే 2√హెచ్ = 2 − కె·టి. రెండు వైపులా వర్గం చేస్తే హెచ్ = (1 − కె·టి/2)². ట్యాంకు ఖాళీ అయ్యేది సుమారు 1882 సెకన్లకు. కానీ 3764 సెకన్లు పెడితే హెచ్ మళ్లీ 1 మీటరు. మోటరు వేయకుండానే!

ఇది ఎందుకు చెల్లదో తెలుసు. √హెచ్ రుణాత్మకం కాకూడదు, 1882 తర్వాత 2 − కె·టి రుణాత్మకం. సమీకరణంలో ప్రతిక్షేపించినా ఎడమవైపు ధనం, కుడివైపు రుణం. √హెచ్‌తో భాగించినప్పుడు జారిపోయిన హెచ్ = 0 సాధనను అక్కడ అతికించాను; రెండు వైపులా అవకలజం 0, అతుకు సరిపోయింది.

చిక్కల్లా తర్వాతే. హెచ్ = 0 దగ్గర √హెచ్ వాలు అనంతం, లిప్‌షిట్జ్ నియమం (వాలుకు ఒక హద్దు ఉండాలనేది) తప్పుతుంది, కాబట్టి ఆ నియమం ఉంటే సాధన ఒక్కటే (ఏకైకత) అని చెప్పే పికార్డ్ సిద్ధాంతం పనికిరాదు. కాలంలో వెనక్కి వెళ్తే ఏకైకత నిజంగానే లేదు: ఖాళీ ట్యాంకును చూసి అది ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పలేం.

భౌతిక కారణాలు వాడకుండా, 1882 సెకన్ల తర్వాత హెచ్ = 0 తప్ప మరో సాధన లేదని గణితపరంగా ఎలా నిరూపించాలి?