రాత్రిపూట కిస్తీకి ఇంటికొచ్చి కూసుంటుండు, ఎక్కడ కంప్లైంట్ ఇయ్యాలె? (దేవరకొండ)

సాగర్ కాలువ: మా చిన్నమ్మ గ్రూపు లోన్ మూడు కిస్తీలు ఆగినయ్. కలెక్షన్ ఆయన రాత్రి ఎనిమిదింటికి వచ్చి అరుగు మీద కూసుంటుండు. పైసలియ్యకుంటే గ్యాస్ బండ తీస్కపోతా అంటుండు. ఎగ్గొడతామని కాదు, జర టైమ్ కావాలె.

లెక్కల పంతులు: ముందు లోన్ కార్డు తీయండి. కంపెనీ పేరు, కంప్లైంట్ తీసుకునే అధికారి నంబర్ దాని మీదనే ఉండాలె. ఆర్బీఐ కింద రిజిస్టరైన కంపెనీ అయితే 2022లో తెచ్చిన మైక్రోఫైనాన్స్ (తాకట్టు లేని చిన్న అప్పుల) రూల్స్ ఉన్నయ్: పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చెయ్యొద్దు, మనిషి రావొద్దు. కిస్తీ తీసుకునేది ఇద్దరూ ఒప్పుకున్న సెంటర్ దగ్గర, అంటే గ్రూపు మీటింగ్ పెట్టే చోట. వరుసగా రెండు సార్లు అక్కడికి పోకుంటేనే ఇంటికి రావొచ్చు. పైసలు లేవని మొహం చాటేస్తే ఆ హక్కు మనమే వాళ్ల చేతిలో పెట్టినట్టు. చిన్నమ్మ మీటింగ్‌కు పోతుందా?

సాగర్ కాలువ: లేదన్నా, నామోషీ అని పోతలేదు.

లెక్కల పంతులు: అట్లయితే పగలు ఇంటికి రావడాన్ని తప్పు పట్టలేం. రాత్రి ఎనిమిది, బెదిరింపు మాత్రం ఎట్లా చూసినా తప్పే. వచ్చే మీటింగ్ నుంచి ఖాళీ చేతులతోనైనా పొమ్మనండి.

కోర్టు సెంటర్: ఫోన్ చేసి ఊకోవద్దు. తేదీ, టైమ్, అన్న మాటలు రాసి కంపెనీకి రిజిస్టర్ పోస్టు చేసి రసీదు దాచండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు (కంప్లైంట్లు విని తేల్చే అధికారి) సీఎంఎస్ అనే ఆర్బీఐ కంప్లైంట్ పోర్టల్‌లో పెట్టొచ్చు. సాయానికి నంబర్ 14448. ఫీజు లేదు, వకీలు ద్వారా పెడితే అసలు తీసుకోరు. ముందు కంపెనీకి రాయకుండా పోతే అక్కడ కొట్టేస్తరు.

గ్యాస్ బండ సంగతి వేరే. తాకట్టు లేని లోన్‌కు ఇంట్ల సామాన్ ముట్టే హక్కు వాళ్లకు లేదు. బలవంతంగా ఎత్తుకపోతుంటే అప్పుడే 112కు కొట్టండి. బెదిరింపుకు బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 351 ఉంది. ఎస్సై తీసుకోకుంటే బీఎన్ఎస్ఎస్ (కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపాలె. బెదిరింపు రికార్డ్ చేసి ఉంటే ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి.

మూసీ గట్టు: ఇంకోటి, ఆలస్యం ఫైన్ ఆగిన కిస్తీల మీదనే, మొత్తం అప్పు మీద కాదు. కిస్తీ 650 అయితే 1950 మీద లెక్క. కార్డులో ఎట్లా వేసిండో చూడండి. సగం కట్టినా రసీదు తీసుకోండి, ఖాళీ చెక్కు మాత్రం సంతకం పెట్టి ఇయ్యకండి. ఇది రిజిస్ట్రేషన్ లేని డైలీ ఫైనాన్స్ అయితే అంబుడ్స్‌మన్ పనికిరాడు, పోలీసు దారే.