1794 స్పానిష్ డాలర్ మీద జార్జ్ రాజు ముద్ర: అసలా, నకిలీయా?

రంగూన్ మనవడు:
అందరికీ నమస్కారం. మా తాతగారు రంగూన్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న వెండి సామాన్లలో ఈ పెద్ద నాణెం ఉంది. బొమ్మ వైపు స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్, కింద 1794. బొరుసు వైపు కిరీటం, డాలు, అటూ ఇటూ స్తంభాలు, మెక్సికో టంకశాల గుర్తు. రాజు మెడ మీద కోలగా ఉన్న చిన్న గుంటలో ఇంకో తల! ఇంగ్లండ్ మూడో జార్జ్‌ది అంటున్నారు. అంచు దగ్గర చైనా అక్షరం లాంటి గాటు కూడా ఒకటుంది. తూకం 26.6 గ్రాములు. సికింద్రాబాద్‌లో ఒక దుకాణాయన వెండి ధరకైతే తీసుకుంటానన్నాడు. పెద్దలు చూసి చెప్పగలరు. బొమ్మా బొరుసూ ఫోటోలు పెట్టాను.

తూకం మాస్టారు:
నాణెం అసలే. ముద్ర నకిలీ. బొరుసు చూడండి. అంత గట్టిగా పంచ్ (ముద్ర దించే ఉక్కు అచ్చు) కొడితే వెనుక సరిగ్గా అదే చోట చదును కావాలి. మీ ఫోటోలో డాలు నిక్షేపంగా ఉంది.

చార్‌కమాన్ సాయి:
మాస్టారూ, ఒక్క ఫోటో చూసి తీర్పు చెప్పేస్తే ఎలా? సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. 1797లో ఫ్రాన్స్‌తో యుద్ధం నడుస్తుండగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేసింది. చిల్లర కరువైంది. ఖజానాలో పడి ఉన్న స్పానిష్ డాలర్ల మీద జార్జ్ తల కొట్టి 4 షిల్లింగుల 9 పెన్నీలకు వదిలారు. వాడిన పంచ్ పెద్దదేం కాదు, వెండి సామాన్ల మీద పన్ను కట్టినట్టు వేసే హాల్‌మార్క్ ముద్రే. కింద దిమ్మ ఎలాంటిది, ఎంత దెబ్బ వేశారు అన్నదాన్ని బట్టి వెనుక చదును ఎక్కువో తక్కువో ఉంటుంది. అరిగిన నాణెంలో అది అసలు కనిపించకపోవచ్చు.

కాచిగూడ రాము:
ముద్ర ఎనిమిది పలకలుగా ఉండాలి కదా అన్నా?

చార్‌కమాన్ సాయి:
అది 1804ది, రాము. కోల ముద్రకి దొంగ పంచ్‌లు పుట్టుకొచ్చాయనే ఎనిమిది పలకలది తెచ్చారు. ఇది 1797 రకం. ముద్ర ఏడాది కంటే నాణెం తర్వాతిదైతే అక్కడే అనుమానించాలి. ఇక్కడ 1794, కాబట్టి ఆ పేచీ లేదు.

తూకం మాస్టారు:
ఏడాది గురించి నేను మాట్లాడలేదు. చదును గురించి అడిగాను. దానికి జవాబు రాలేదు.
జుమ్మెరాత్ బజార్‌లో ఇలాంటివి చాలా చూశాను. నాణెం నిజంగా పాతదే ఉంటుంది, అరిగి ఉంటుంది. దాని మీద కొత్త పంచ్. లెన్స్ కింద పెడితే గుంట అడుగు తళతళ మెరుస్తుంది. అంచులు గోటికి గుచ్చుకుంటాయి. రాజు మెడ అరిగి నున్నగా ఉంటే పక్కనే జార్జ్ జుట్టు వెంట్రుకలతో సహా తాజాగా ఉంటుంది. రెండూ ఒకే జేబులో తిరిగినవైతే అరుగుదలలో అంత తేడా ఎందుకుంటుంది?

చార్‌కమాన్ సాయి:
ముద్ర గుంటలో ఉంటుంది కాబట్టి! మెడ ఎత్తులో ఉంటుంది, ముందు అదే అరుగుతుంది. చూడాల్సింది గుంట చుట్టూ ఉన్న గట్టుని. పంచ్ దిగినప్పుడు లోహం పక్కకి పొంగి సన్నటి గట్టు కడుతుంది. నాణెం చేతులు మారేకొద్దీ ఆ గట్టు నున్నబడాలి. మనవడు గారూ, ఫోన్‌ని పక్కకి వాల్చి, వెలుతురు ఏటవాలుగా పడేలా ముద్ర ఒక్కదాన్నే తీసి పెట్టండి.

తూకం మాస్టారు:
చదును సంగతి?

లక్ష్మి, మారేడ్‌పల్లి:
మీ చదును పాడుగాను. మా అమ్మ దండలో కంపెనీ రూపాయలు ఉండేవి. వాటి మీద షరాబు గాట్లున్నాయి. ఒక షాపులో "గాట్లు పడ్డాయమ్మా, ఇవి పాడైన నాణేలు" అని తరుగు తీసి మరీ వెండి లెక్క కట్టారు. నెల తిరక్కుండా అవే నాణేలు వాళ్ళ అద్దాల బీరువాలో "షరాబు ముద్రతో, అరుదు" అని చీటీతో కనిపించాయి. ఒక దాని మీద మా దండ కొక్కెం అతికిన మచ్చ కూడా అలాగే ఉంది. నేనెందుకు గుర్తుపట్టను?

కాచిగూడ రాము:
అయ్యో.

తూకం మాస్టారు:
అమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు. షరాబు గాటు వెండి మంచిదో కాదో చూడటానికి పెట్టింది. ఇది ప్రభుత్వం వాడుకలోకి వదలడానికి వేసిన ముద్ర.

లక్ష్మి, మారేడ్‌పల్లి:
సంబంధం ఉంది. పోయినసారి మా పిన్ని కొడుకు ఇక్కడ ఒక ముద్ర రూపాయి పెడితే మీరు ఇలాగే నకిలీ అన్నారు. అదే రాత్రి ఇన్‌బాక్స్‌లో "ఎంతకిస్తావు బాబూ" అని అడిగారు. నకిలీ అయితే మీకెందుకండీ?

తూకం మాస్టారు:
నకిలీలు కూడా పోగుచేస్తాను. పోల్చి చూడటానికి పనికొస్తాయి. ఒకే గీత, ఒకే గుంట రెండు నాణేల మీద కనిపిస్తే రెండూ ఒకే అచ్చులో పోసినవని తెలిసేది అలాగే. పైగా 1797 నాటి దొంగ ముద్రలకి కూడా విలువుంది. డాలర్‌లోని వెండి ఖరీదు 4 షిల్లింగుల 9 పెన్నీల కంటే తగ్గితే, అసలు డాలర్ కొని దొంగ ముద్ర కొట్టినా లాభమే. ఆ రోజుల్లో అదే చేశారు. అది నకిలీయే, కానీ చరిత్ర ఉన్న నకిలీ.

చార్‌కమాన్ సాయి:
మరి ఆ ముక్క మొదట్లోనే ఎందుకు రాయలేదు మాస్టారూ? "ముద్ర నకిలీ" అని రెండు మాటల్లో తేల్చేశారు. నిన్న కొట్టిన నకిలీ వేరు, రెండు వందల ఏళ్ళ నాటి నకిలీ వేరు. ధరలో ఎంత తేడా వస్తుందో మీకు తెలియదా? చదును చదును అని పట్టుకున్నది అందుకేనా?

తూకం మాస్టారు:
నోరు జాగ్రత్త. నీ దగ్గర ఇలాంటి డాలరే ఒకటి అమ్మకానికి ఉందని అందరికీ తెలుసు. ఇది అసలని తేలితే నీ దానికి గిరాకీ పెరుగుతుంది. నువ్వేదో ధర్మం కోసం వాదిస్తున్నట్టు రాయకు.

చార్‌కమాన్ సాయి:
అవును, ఉంది. నా పేజీలో ధరతో సహా పెట్టాను, ఎవరైనా చూసుకోవచ్చు. నేను దాచలేదు. మీరు అభిప్రాయం ఇక్కడ చెప్తారు, బేరం ఇన్‌బాక్స్‌లో చేస్తారు. నా గొడవ చదును గురించి కాదు. విలువ కట్టేవాడు కొనేవాడు కాకూడదు.

కాచిగూడ రాము:
ఇక్కడ కొననివాళ్ళు ఎవరున్నారు సాయన్నా? నాణేల గురించి తెలిసినవాళ్ళంతా కొనేవాళ్ళే.

రంగూన్ మనవడు:
ఒక్క నిమిషం. నేను అమ్ముతానని ఎక్కడా అనలేదు. తాతగారి వస్తువు ఏమిటో తెలుసుకుందామని వచ్చాను, అంతే. ఇంతలో నీళ్ళ తూకం వేశాను. దారం కట్టి నీళ్ళలో ముంచితే 2.6 గ్రాములు తగ్గింది. అంటే సాంద్రత 10.2 పైన.

చార్‌కమాన్ సాయి:
బాగుంది. ఆ కాలపు మెక్సికో డాలర్‌లో వెండి 90 శాతానికి కాస్త తక్కువ, మిగతాది రాగి. లెక్కకి 10.3 రావాలి, ఇంట్లో వేసిన తూకానికి ఆ తేడా మామూలే. కొత్త నాణెం 27 గ్రాములు. అరుగుదలకి అరగ్రాము పోవడం మామూలే. లోహం కరిగించి అచ్చులో పోసిన నకిలీ నాణెమన్న అనుమానం దాదాపు లేనట్టే.

తూకం మాస్టారు:
నాణెం అసలేనని నేను మొదటి వాక్యంలోనే రాశాను. సాంద్రత ముద్ర గురించి ఏమీ చెప్పదు. ఆ చైనా గాటు సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. చైనా వ్యాపారులు వెండి పరీక్షించి వేసిన గాటైతే, లండన్‌లో చిల్లరగా తిరిగిన డాలర్ అక్కడికెలా చేరింది? వీల్లేదని అనను. కానీ దొంగ ముద్ర కొట్టేవాడికి కావాల్సింది సరిగ్గా ఇలాంటి నాణెమే, తూర్పు దేశాల్లో దండిగా దొరికే అరిగిన డాలర్.

చార్‌కమాన్ సాయి:
ఇది మంచి ప్రశ్న. ఇది ముందే అడగాల్సింది.

రంగూన్ మనవడు:
ఏటవాలు వెలుతురులో ఫోటో పెట్టాను. గట్టు ఎడమ పక్క నున్నగా ఉంది, కుడి పక్క కొంచెం నిలబడి ఉంది. గుంట అడుగున నల్లటి మట్టి. అది తోమమంటారా?

తూకం మాస్టారు:
తోమకండి! చింతపండు, టూత్‌పేస్ట్ ఏదీ ముట్టించొద్దు. ఉన్న ఆధారం ఆ మట్టే. బొరుసు వైపు కూడా అదే వెలుతురులో ఇంకొకటి తీసి ఇక్కడే పెట్టండి. ధర అడగను.

లక్ష్మి, మారేడ్‌పల్లి:
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.